గడువు దాటిన అప్పీలు

గోపనపల్లి తండా అనే పేరు ఇప్పుడు బస్టాపు బోర్డు మీద, ఫ్లైఓవర్ పేరులో కనిపిస్తుంది. ఒకవైపు నల్లగండ్ల, ఇంకోవైపు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, ఎటు చూసినా ఎత్తైన అద్దాల భవనాలు. ఆ భవనాల గేట్ల దగ్గర నిలబడేవాళ్లలో, క్యాబులు నడిపేవాళ్లలో, రాత్రి షిఫ్టుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లలో మన తండాల పిల్లలు, గూడేల పిల్లలు ఎంతోమంది ఉన్నారు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు ఆ దగ్గర్లోనే ఇద్దరు స్నేహితులతో గది తీసుకుని ఉంటున్నాడు. బీకాం పాసయ్యాడు, ఒక కంపెనీలో బిల్లింగ్ పని. ఒక ఆదివారం నేను వెళ్తే, చాయ్ తాగాక మంచం కింద నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి నా ముందు పెట్టాడు.

వాళ్ల కాకా కేసు కాగితాలవి. పొలం గట్టు తగాదాలో ఒక మనిషి చనిపోయాడు. సెషన్స్ కోర్టు కాకాకు ఏడేళ్ల శిక్ష వేసింది.

"హైకోర్టుల అప్పీలు ఏసిన అని వకీలు సాబ్ చెప్పిండు సార్. పేషీ ఎప్పుడంటే వస్తది, వస్తది అంటడు. ఏడాది దాటింది."

ఫోన్‌లో ఈ-కోర్టుల యాప్ తెరిచి వెతికాం. పేరును నాలుగు రకాలుగా రాసి చూశాం. కాకా పేరు మీద హైకోర్టులో ఏ అప్పీలూ నమోదు కాలేదు. సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకు వెళ్లడానికి ఉన్న గడువు 60 రోజులు. అప్పటికి తీర్పు వచ్చి 400 రోజులు దాటాయి. తర్వాత తెలిసిందేమంటే, ఫైలు గుమాస్తా బల్ల మీదే ఉండిపోయింది. వకీలు వేశాననే అనుకున్నాడట. ఆయన దుర్మార్గుడని నేననను. కానీ ఆయన మరచిపోయిన ప్రతి రోజూ జైల్లో ఉన్నది కాకా.

ఆ రోజు నుంచి ఈ గడువుల సంగతి చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ తెలిసింది, ఇది ఆ కుర్రవాడి ఇంటి కథ ఒక్కటే కాదని. దీనికి హైదరాబాదులోనే ఒక పాత చరిత్ర ఉంది.

హైటెక్ సిటీలో రోజుకు పదిసార్లు వినిపించే 'డెడ్‌లైన్' అనే మాట పుట్టింది జైల్లో. అమెరికా అంతర్యుద్ధం జరిగేటప్పుడు, 1864లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ అనే సైనిక జైల్లో ప్రహరీకి లోపలివైపు ఒక గీత ఉండేది. ఖైదీ ఆ గీత దాటితే కాపలావాడు కాల్చేస్తాడు. ఆ గీత పేరే డెడ్‌లైన్. ఇవాళ మన పిల్లలకు అది ప్రాజెక్టు అప్పగించాల్సిన తారీఖు. కోర్టు గడువు మాత్రం ఇప్పటికీ ఆ పాత అర్థానికే దగ్గరగా ఉంది.

మన పెద్దలు కాలాన్ని ఇలా లెక్కపెట్టలేదు. కోయవాళ్లకు, కొండరెడ్లకు చిక్కుడు కొత్త, మామిడి కొత్త ఉన్నాయి. గోండులకు పుష్య మాసపు అమావాస్య, కేస్లాపూర్ నాగోబా జాతర. లంబాడీలకు తీజ్. పని ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో పండుగ చెప్పేది. కోర్టు మాత్రం రోజులు లెక్కపెడుతుంది. అరవై అంటే అరవై. ఆ అరవయ్యో రోజు సెలవైతే మర్నాడు. తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టి ఎదురుచూసిన రోజులు మాత్రం ఆ లెక్కలోంచి తీసేస్తారు. మిగతాదంతా 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఉంటుంది. మేజిస్ట్రేటు శిక్ష మీద సెషన్స్ కోర్టుకు 30 రోజులు, సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకు 60 రోజులు. ఉరిశిక్ష పడితే మాత్రం హైకోర్టుకు 30 రోజులే. ప్రాణం పోయే కేసుకు గడువు సగమే. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు, అయితే ఉరిశిక్షను ఖరారు చేయడానికి హైకోర్టు ఎలాగూ చూడాల్సిందేనని చట్టం తెలిసినవాళ్లు చెబుతారు.

మన ప్రాంతాలకు ఈ లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది. 1839లో బ్రిటిష్ వాళ్లు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తీసేశారు. కలెక్టరే గవర్నర్ ఏజెంటు. పన్ను వసూలు, పోలీసు, న్యాయం మూడూ ఆయన చేతిలోనే. 'ఏజెన్సీ' అనే మాట మనకు అలా వచ్చిందే. గిరిజనులకు కోర్టుల చిక్కులు ఎందుకని అలా చేశామని చెప్పుకున్నారు. దాని ఫలితం ఇంకోటి. వకీలు ఎవరు, అప్పీలు ఏమిటి, నకలు ఎక్కడ తీసుకోవాలి అనే తెలివిడి మైదానంలో మూడు నాలుగు తరాలుగా పెరుగుతూ వస్తే, కొండల మీద పెరగలేదు.

ఇక హైదరాబాదు సంగతి. 1948 సెప్టెంబరు 17న పోలీసు చర్య ముగిసింది. నిజాం రాజ్యం సైనిక గవర్నరు చేతికి వచ్చింది. తెలంగాణ రైతాంగ పోరాటం అప్పటికింకా ఆగలేదు. విసునూరు దేశ్‌ముఖ్ మీద ధర్మాపురం లంబాడీలు భూమి కోసం నిలబడినది ఈ పోరాటంలోనే. గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టిందీ ఈ రోజుల్లోనే. పోరాటంలో పట్టుబడినవాళ్లను విచారించడానికి మామూలు కోర్టులు కాకుండా ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టారు. వాటిని పెట్టిన రెగ్యులేషన్ తారీఖు ఫసలీ 1358. కోర్టు భాష ఉర్దూ, చట్టం లెక్క ఫసలీ సంవత్సరం, ముద్దాయి తెలుగు రైతు. ఆ బోనులో నిలబడ్డవాడికి తన కేసు ఏ నెలలో ఉందో అర్థమై ఉంటుందా అని నాకు అనుమానం.

నల్లగొండ ట్రిబ్యునల్ హత్య కేసుల్లో కొందరికి ఉరిశిక్ష వేసింది. హైదరాబాదు హైకోర్టు వాళ్ల అప్పీళ్లను 1949 డిసెంబరు 12, 13, 14 తేదీల్లో కొట్టేసింది. ఆ తారీఖులు గుర్తుపెట్టుకోండి. భారత రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. సుప్రీంకోర్టు వచ్చింది అప్పుడే, 136వ అధికరణం కింద దేశంలోని ఏ కోర్టు తీర్పు మీదైనా ప్రత్యేక అనుమతితో అప్పీలుకు వెళ్లే దారి వచ్చిందీ అప్పుడే. శిక్షపడినవాళ్లు ఆ దారిలో ఢిల్లీ వెళ్లారు. వాళ్ల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చాడు. తర్వాత కెన్యాలో జోమో కెన్యాటా కేసు వాదించింది ఈయనే.

జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాదు ప్రభుత్వం అనే ఆ కేసులో 1950 డిసెంబరు 14న తీర్పు వచ్చింది. హైకోర్టు చివరి తీర్పు చెప్పి సరిగ్గా ఏడాది. సుప్రీంకోర్టు ఏమన్నదంటే, 1950 జనవరి 26కు ముందు హైదరాబాదు, చట్టం దృష్టిలో, భారత భూభాగం కాదు. కాబట్టి డిసెంబరులో తీర్పు చెప్పిన హైకోర్టు భారత భూభాగంలోని కోర్టు కాదు. కాబట్టి దాని మీద అప్పీలు వినే అధికారం మాకు లేదు.

అంటే సైన్యం వచ్చింది, సైనిక గవర్నరు వచ్చాడు, ట్రిబ్యునల్ పెట్టాడు, ఉరిశిక్షలు వేయించాడు. అప్పీలు దగ్గరకొచ్చేసరికి మాత్రం అది వేరే దేశం. నేను లాయరును కాను. తీర్పు తర్కం ఒక్కో మెట్టూ చూస్తే తప్పు పట్టలేకపోవచ్చు. మొత్తంగా చూస్తేనే గుండె బరువెక్కుతుంది.

దీనిలో ఇంకో మెలిక ఉంది. నిజాం రాజ్యంలో ఆఖరి అప్పీళ్లు వినడానికి జ్యుడీషియల్ కమిటీ ఉండేది. రాజ్యాంగం 374వ అధికరణం ప్రకారం, అలాంటి కమిటీల ముందు అమలు తారీఖు నాటికి పెండింగులో ఉన్న కాగితాలన్నీ సుప్రీంకోర్టుకు బదిలీ అవుతాయి. ఈ ముద్దాయిల కాగితం అలా పెండింగులో లేదు. డిసెంబరు 14 నుంచి జనవరి 25 వరకు 42 రోజులు. ఆ 42 రోజుల్లో కమిటీ బల్ల మీద ఒక పిటిషను ఉండి ఉంటే, అది తనంతట తానే ఢిల్లీకి నడిచేది. వకీళ్లు తప్పు చేశారని దీనివల్ల చెప్పలేం. ఇంకా రాని రాజ్యాంగం రాకముందే ఏం వేయాలో ఎవరికి తెలుస్తుంది? కానీ జైల్లో ఉన్నవాడికి ఆ తేడాతో పని లేదు. తలుపు మూసుకుంది, అంతే.

వాళ్లు మళ్లీ వెళ్లారు. ఈసారి 32వ అధికరణం కింద. ట్రిబ్యునల్ విచారణలో మాకు వకీలు లేడు, పెట్టుకోవచ్చని చెప్పినవాళ్లూ లేరు, కాబట్టి ఆ విచారణే చెల్లదు అన్నారు. 1951 మార్చి 16న తీర్పు. వకీలును ఏర్పాటు చేయడానికి ట్రిబ్యునల్ చొరవ తీసుకుని ఉండాల్సిందని కోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుని, అంతమాత్రాన విచారణ చెల్లకుండా పోదన్నది. వకీలు లేక ముద్దాయికి అన్యాయం జరిగి ఉంటే దాన్ని సరిదిద్దే అధికారం అప్పీలు కోర్టుకు ఉంటుందన్నది. ఆ అప్పీలు తలుపే మూడు నెలల కింద మూసేసిన సంగతి ముద్దాయిలకు తెలుసు. చివరికి ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి. దానికి కారణం కోర్టు కాదు. దేశంలోనూ బయటా లేచిన గొంతులు.

ఈ కేసు మన చరిత్ర పాఠాల్లో రాదు. పోరాటం గురించి చెబుతాం, తుపాకుల గురించి, పాటల గురించి చెబుతాం. పోరాడినవాడు పట్టుబడ్డాక ఏ కాగితం ఏ రోజున ఎక్కడ పడాలో చెప్పం.

తర్వాతి పాతికేళ్లలో చట్టం కొంత కదిలింది. 1978 ఆగస్టు 17న హోస్కాట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు దీనికి గుర్తు. ఆ ముద్దాయి మనలాంటివాడు కాదు, యూనివర్సిటీ రీడరు, దొంగ డిగ్రీ సర్టిఫికెట్ల కేసు. బొంబాయి హైకోర్టు 1973 నవంబరులో అతనికి మూడేళ్ల శిక్ష వేసింది. అతను సుప్రీంకోర్టుకు వచ్చింది నాలుగేళ్లు దాటాక. ఎందుకింత ఆలస్యం అంటే, తీర్పు నకలు నా చేతికి రాలేదన్నాడు. హైకోర్టు పంపింది, మేమిచ్చాం, క్షమాభిక్ష దరఖాస్తుకు జతచేయడానికి వెనక్కి తీసుకున్నాం అన్నారు యరవాడ జైలువాళ్లు. ఇచ్చినట్టు సంతకం లేదు. అప్పటికి శిక్షాకాలమే గడిచిపోయింది.

అతని పిటిషనును కోర్టు కొట్టేసింది. కానీ తర్వాత వచ్చేవాళ్ల కోసం కొన్ని సంగతులు ఖాయం చేసింది. శిక్షపడిన మనిషికి తీర్పు నకలు ఉచితంగా, అప్పీలుకు సమయం ఉండగానే అందాలి. జైల్లో ఇస్తే అందినట్టు రాతపూర్వకంగా సంతకం తీసుకోవాలి. అప్పీలు రాసుకోవడానికి జైలు అధికారులు వీలు కల్పించాలి. వకీలును పెట్టుకోలేనివాడికి ప్రభుత్వమే వకీలును ఇవ్వాలి. ఒక రీడరు ఓడిపోయిన కేసు చదువురాని ఖైదీలకు పనికొచ్చింది.

వకీలు తప్పు ఎవరి మీద పడాలి అనే అసలు ప్రశ్న 1981లో వచ్చింది. రఫీక్ వర్సెస్ మున్షీలాల్. అది సివిల్ కేసే. అలహాబాద్ హైకోర్టులో పేషీ రోజున వకీలు రాలేదు, అప్పీలు పోయింది. పల్లెటూరి కక్షిదారు వకీలును పెట్టుకుని, ఫీజు ఇచ్చి, ఊరికి వెళ్లిపోతాడు, హైకోర్టులో ఏ రోజు ఏం జరుగుతోందో ప్రతిరోజూ వచ్చి చూడలేడు, తాను చేయాల్సింది చేసినవాడు ఇంకొకరి తప్పుకు ఎందుకు నష్టపోవాలి అని జస్టిస్ డి.ఎ. దేశాయ్ అడిగారు. అప్పీలును తిరిగి వినమన్నారు. ఖర్చుల సొమ్మును రాని వకీలు దగ్గర వసూలు చేయమన్నారు. ఆ తర్వాత 1996లో బానీ సింగ్ కేసులో, క్రిమినల్ అప్పీలును వకీలు రాలేదన్న కారణంతో కొట్టేయకూడదని, రికార్డు చూసి మంచిచెడ్డలు తేల్చాలని, ముద్దాయి జైల్లో ఉంటే ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదే కాలంలో అమెరికా వేరే దారి పట్టింది. వర్జీనియాలోని బొగ్గు గనుల ప్రాంతంలో రోజర్ కోల్‌మన్ అనేవాడికి హత్య కేసులో మరణశిక్ష పడింది. వకీళ్లు ఒక అప్పీలు నోటీసును 30 రోజుల్లో వేయాల్సి ఉండగా 33వ రోజున వేశారు. మూడు రోజులు. వకీలు కక్షిదారుకు ఏజెంటు, కాబట్టి ఏజెంటు తప్పు కక్షిదారుదే అని అక్కడి సుప్రీంకోర్టు 1991లో తేల్చింది. 1992 మే 20న అతన్ని చంపేశారు. 2006లో చేసిన డీఎన్‌ఏ పరీక్ష అతనే నేరస్తుడని చెప్పింది, ఆ మాటా చెప్పుకోవాలి. కానీ ఆ మూడు రోజులు దాటినప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇరవయ్యేళ్ల తర్వాత అదే కోర్టు కొంచెం మెత్తబడింది. అలబామాలో మరణశిక్ష పడిన కోరీ మేపుల్స్ కేసు. న్యూయార్కులోని పెద్ద సంస్థకు చెందిన ఇద్దరు వకీళ్లు ఉద్యోగాలు మారుతూ అతనికి ఒక్క మాట చెప్పలేదు. కోర్టు పంపిన ఉత్తర్వులు విప్పకుండానే తిరిగి వచ్చాయి. 42 రోజుల గడువు దాటిపోయింది. ఇది వకీలు పొరపాటు కాదు, కక్షిదారును గాలికి వదిలేయడం, కాబట్టి ఏజెంటు సూత్రం దీనికి వర్తించదని 2012 జనవరి 18న తీర్పు చెప్పారు. ఇక్కడా 42 రోజులే. యాదృచ్ఛికమే.

మన దేశం కరుణ చూపింది, వాళ్లు చూపలేదు అని ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ 1993లో సలీల్ దత్తా కేసు ఉంది. అది ఒక ప్రైవేటు కంపెనీ కేసు. మా వకీలు తప్పుకు మేమెందుకు నష్టపోవాలని కంపెనీ అడిగింది. రఫీక్ కేసు పల్లెటూరి అమాయకుడి కోసం చెప్పింది, మీరు అమాయకులు కారు అన్నది సుప్రీంకోర్టు. కంపెనీ విషయంలో అది న్యాయమే. నన్ను ఆలోచనలో పడేసింది ఆ గీత. 'అమాయక పల్లెటూరివాడు' ఇటువైపు, మిగతావాళ్లంతా అటువైపు. గచ్చిబౌలిలో ఐడీ కార్డు మెడలో వేసుకుని, ఇంగ్లీషులో మెయిళ్లు రాసే లంబాడీ కుర్రవాడు, వాళ్ల కాకా తరఫున వకీలు చుట్టూ తిరుగుతున్నవాడు, ఏ వైపు ఉన్నట్టు? చదువుకుంటే న్యాయం దగ్గరవుతుందని మనం బడిలో చెబుతాం. చదువుకున్నవాడికి కోర్టులో మన్నింపు తగ్గుతుందని మాత్రం చెప్పం.

మన్నింపే లేని గడువులు కూడా వచ్చాయి. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద, తగిన కారణం చూపితే కోర్టు ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఎన్ని రోజులైనా సరే. ఎన్ఐఏ చట్టంలో మాత్రం 30 రోజుల గడువు, ఎంత కారణమున్నా 90 రోజులు దాటితే అప్పీలు తీసుకోరాదని రాశారు. మన పిల్లల మీద పెట్టే పెద్ద కేసులు కొన్ని ఆ చట్టం కిందకే వెళ్తాయి. అంతకన్నా బాధ కలిగించేది మన రక్షణ కోసం చేసిన అట్రాసిటీ చట్టమే. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణలో 14-ఏ సెక్షన్ చేర్చారు. అప్పీలుకు 90 రోజులు, 180 రోజులు దాటితే ఇక తీసుకోరాదు. 180 రోజుల ఆ అడ్డుగోడను 2018లో అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచి కొట్టేసింది. వకీలు నిద్రపోతే బాధితురాలికీ తలుపు మూసుకుంటుందన్న సంగతి చట్టం రాసినప్పుడు ఎవరికీ తట్టలేదో, తట్టినా పట్టలేదో.

ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పదగ్గవి రెండు మూడున్నాయి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. ఫోన్ నంబరు 15100. జైల్లో ఉన్న మనిషి వకీలు లేకుండానే అప్పీలు కాగితాన్ని జైలు అధికారికి ఇవ్వవచ్చు, పంపాల్సిన బాధ్యత ఆయనది. 2024 జులై 1 నుంచి కొత్త సంహిత వచ్చినా ఈ దారి ఉంది. వకీలు "వేశాను" అంటే కేసు నంబరు అడగాలి. ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అని 16 అంకెలూ అక్షరాలూ కలిసిన నంబరు ఉంటుంది, ఫోన్‌లో కొట్టి చూసుకోవచ్చు. అడిగితే వకీలుకు కోపమొస్తుందని మనవాళ్లు భయపడతారు. రానివ్వండి.

కాకా కేసుకు న్యాయ సేవల కమిటీ వేరే వకీలును ఇచ్చింది. ఆవిడ చిన్న వయసు మనిషి, ఓపిక ఉంది. ఆలస్యం మన్నించమని పిటిషను, దానికి తోడు అఫిడవిట్ తయారు చేసింది. అఫిడవిట్ కుర్రవాడి పేరు మీద. అతను చదివాడు, ఒక చోట ఆగాడు. తాను, తన కుటుంబం నిరక్షరాస్యులైన అమాయక గిరిజనులమని, లోకజ్ఞానం లేదని అందులో ఉంది.

"మేడమ్, నేను బీకాం."

"అట్ల రాస్తే జడ్జిగారు తొందరగా ఒప్పుకుంటరు తమ్ముడూ. అందరం అట్లనే రాస్తం."

నేను పక్కనే ఉన్నాను. ఏం చెప్పాలో తోచలేదు. కాకా ఇంకా జైల్లోనే ఉన్నాడు, సంతకం పెట్టెయ్యమనే అనబోయాను. కుర్రవాడు ఫోన్ తీశాడు. తీర్పు వచ్చిన 23వ రోజున పాత వకీలుకు ఫోన్‌పేలో పంపిన డబ్బు, దాని కింద 'అప్పీలు ఫీజు' అని తనే రాసుకున్న మాట. తర్వాత ఏడాదిలో చేసిన కాల్స్, తారీఖులతో. వేశానని ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్. ఆవిడ అన్నీ చూసి, ఆ వాక్యం కొట్టేసి, తారీఖులన్నీ వరసగా రాసింది. కాకాకు చదువు రాదు, నాకు వచ్చు, వకీలును నమ్మాను అని మాత్రం ఉంచింది.

రెండు పేషీల తర్వాత ఆలస్యాన్ని మన్నించారు. అప్పీలుకు నంబరు పడింది. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన పాత భవనంలోనే ఇంకా హైకోర్టు నడుస్తోంది. కొత్తదానికి 2024 మార్చిలో బుద్వేలులో శంకుస్థాపన చేశారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తే అంత దూరమేమీ కాదు. కాకా అప్పీలు పాతదాంట్లో విచారణకు వస్తుందో, కొత్తదాంట్లో వస్తుందో చెప్పలేమని ఆవిడ నవ్వుతూ అంది. కుర్రవాడు సీఎన్ఆర్ నంబరును ఫోన్ వాల్‌పేపరుగా పెట్టుకున్నాడు. రోజూ షిఫ్టుకు వెళ్లేముందు ఒకసారి చూస్తాడు.